ఫ్రెంచి ఇంటిపేరున్న యానాం ముత్తాత జీవితాన్ని ఎక్కడ వెదకాలి?

మీ ముత్తాతగారు యానాంలో పుట్టి, వియత్నాంలోని సైగాన్‌లో ఉద్యోగం చేసి, అక్కడే కన్నుమూశారని రాశారు. ఇంటిపేరు ఫ్రెంచిది కాబట్టి వంశంలో ఫ్రెంచివారు ఎవరైనా ఉన్నారా అని, ఆయన జీవిత వివరాలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. మా అమ్మమ్మగారి పుట్టింటి కథ దాదాపు ఇదే కావడంతో, ఆ వెదుకులాటలో తెలిసినంత మేరకు చెబుతాను.

ఇంటిపేరును బట్టి రక్తసంబంధాన్ని నిర్ణయించలేము. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం, భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలకు చెంది 21 ఏళ్లు నిండిన స్త్రీపురుషులు ఎవరైనా, కులమతాలతో నిమిత్తం లేకుండా, పెళ్లి, వారసత్వం వంటి విషయాలలో తమకు వర్తించే ఆచార ధర్మాన్ని వదులుకొని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వచ్చే వీలుండేది. ఒకసారి వదులుకుంటే మళ్లీ వెనక్కి వెళ్లే వీలు ఉండేది కాదు. తమకూ తమ సంతానానికీ ఏ ఇంటిపేరు ఉండాలో, అలా వదులుకుంటున్నట్లు తెలిపే పరిత్యాగ పత్రంలోనే రాయించాల్సి ఉండేది. అలా ఎంచుకున్నవారిలో కొందరు తండ్రి పేరునే ఇంటిపేరుగా నిలుపుకున్నారు, చాలామంది ఫ్రెంచి పేర్లు పెట్టుకున్నారు. ఐరోపావారి తరహా బూట్లు తొడుక్కొని కోర్టుకు వచ్చినందుకు శిక్షకు గురై, పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచిన పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్లై ఇలా ఆచార ధర్మాన్ని వదులుకొనే ఉద్యమానికి నాయకుడై, లాపోర్త్ అనే ఇంటిపేరు స్వీకరించారు. ఆయన పూర్వీకులలో ఫ్రెంచివారిని వెదకడం ఎంత వృథాయో మీకే తెలుస్తుంది.

అయితే నిజంగానే ఫ్రెంచి తండ్రికి పుట్టిన కుటుంబాలు, బాప్తిస్మంతో పేరు మారిన కుటుంబాలు కూడా ఆ స్థావరాలలో ఉన్నాయి. తేల్చుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే: ఆ ఇంటిపేరు మొదటిసారి కనిపించే పత్రం దొరికేదాకా ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్లడం. మా ఇంట్లో తరతరాలుగా ఒక ఓడ కెప్టెను కథ చెప్పుకొనేవారు. పరిత్యాగ పత్రం బయటపడగానే ఆ కెప్టెను మాయమై, అచ్చమైన తెలుగు పేరున్న ఒక తండ్రి ప్రత్యక్షమయ్యాడు. పెద్దవాళ్లకు ఈ మార్పు అంతగా రుచించలేదు.

ఈ పత్రాల కోసం ముందు చూడవలసినది దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ నగరంలో ఉన్న విదేశీ ప్రాంతాల జాతీయ ఆర్కైవ్స్. వలస ప్రాంతాల జనన, వివాహ, మరణ రిజిస్టర్ల నకలు ఒకటి ఫ్రాన్సుకు పంపాలని 1776లోనే రాజశాసనం వెలువడింది కాబట్టి, ఇక్కడి చెదలకూ తుఫానులకూ పోయినవి కూడా అక్కడ మిగిలి ఉండే అవకాశం ఉంది. యానాం పాత రిజిస్టర్లను ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉచితంగా చూడవచ్చు. సంవత్సరం తెలియకపోతే పదేళ్లకొకసారి తయారుచేసిన పట్టికలతో మొదలుపెట్టండి. దొరికిన వాటిలో వివాహ పత్రాన్ని అన్నిటికన్నా శ్రద్ధగా చదవండి, ఎందుకంటే వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, వయస్సులు, వృత్తులు, సాక్షుల వివరాలు అందులో ఒక్కచోటే ఉంటాయి.

పేర్ల వర్ణక్రమం మాత్రం సహనాన్ని పరీక్షిస్తుంది. గుమాస్తాలు తెలుగు పేర్లను తమ చెవికి వినబడినట్లు ఫ్రెంచి పద్ధతిలో రాశారు. సుబ్బయ్యలోని ‘సు’కు ఎస్, ఓ, యు అనే మూడు అక్షరాలు వాడతారు. ‘శ’ ధ్వనిని ఫ్రెంచిలో సి, హెచ్ అక్షరాలతో రాస్తారు కాబట్టి శేషయ్య ‘సి’ అక్షరం కింద ఉండవచ్చు. ఒకే మనిషి పెళ్లినాటికి ఒక రకంగా, బిడ్డ పుట్టిననాటికి ఇంకో రకంగా కనిపించడం మామూలే, అందువల్ల పేరు కన్నా తల్లిదండ్రుల జంటను గుర్తుపెట్టుకోవడం మేలు.

ఇక సైగాన్ విషయానికి వస్తే, ఆచార ధర్మాన్ని వదులుకున్నవారిలో ఎందరో కొచ్చిన్‌చైనాకు, అంటే అప్పట్లో ఫ్రెంచి వలసగా ఉన్న దక్షిణ వియత్నాంకు, వెళ్లి కస్టమ్స్, పోలీసు, తపాలా వంటి శాఖలలో చేరారు. సైగాన్ రిజిస్టర్లతో పాటు, వలస ప్రభుత్వోద్యోగుల సర్వీసు దస్త్రాలు కూడా అదే ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముత్తాతగారి దస్త్రం గనుక దొరికితే బదిలీలు, సెలవులు, పై అధికారుల అభిప్రాయాలు, ఒక్కోసారి సొంత దస్తూరీతో రాసుకున్న అర్జీలు కూడా చూడగలరు. ఆయన మరణం ఇటీవలి కాలానిదై వెబ్‌సైటులో కనిపించకపోతే, ఫ్రాన్సులోని నాంత్ నగరంలో ఉన్న కేంద్ర పౌర నమోదు కార్యాలయానికి రాసి నకలు అడగవచ్చు, రుసుము ఉండదు. పూర్తి పేరు, తేదీ, స్థలం, తల్లిదండ్రుల పేర్లు అక్కడ అడుగుతారు కాబట్టి, యానాం పత్రాల పని ముగించుకున్నాకే ఆ ఉత్తరం రాయండి.