కళ్ల కింద కెఫీన్: లేబుల్ మాట ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: కళ్ల కింద నలుపు పోతుందని ఒక సీరం కొన్నాను. డబ్బా మీద '3 శాతం కెఫీన్ డెరివేటివ్ కాంప్లెక్స్' అని ఉంది. వెనక జాబితాలో థియోఫిలిన్ పేరు కనిపించింది. మామూలు కెఫీన్ కంటే ఇది మేలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: థియోఫిలిన్ కెఫీన్‌కు దగ్గరి చుట్టం. కెఫీన్ అణువులో ఒక మిథైల్ గ్రూపు తగ్గితే అదే. ఆస్తమా మందుగా పాతకాపు.

అసలు చూడాల్సింది 'కాంప్లెక్స్' అన్న మాట. ముడిసరుకు చాలాసార్లు ద్రావణంగా వస్తుంది. అందులో అసలు పదార్థం 5 శాతమే ఉంటే, దాన్ని 3 శాతం కలిపిన సీరంలో మిగిలేది 0.15 శాతం. జాబితాలో ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ (పాడవకుండా కాపాడేది) ఎక్కడుందో వెతకండి. దాన్ని 1 శాతానికి మించి వాడరు కాబట్టి దాని తర్వాత వచ్చేవేవీ 1 శాతం దాటవు.

ఇక మేలా కాదా అన్నది. చర్మంలోకి ఏది ఎంత దిగుతుందో కొలిచే ఓఈసీడీ (పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ) 428 పరీక్షలో (2004) పోల్చి చూసుకునే పదార్థాల్లో కెఫీన్ ఒకటి. గాజు పాత్ర మీద చర్మపు పొర బిగించి, 32 డిగ్రీల దగ్గర ఉంచి, పైన మందు రాసి, కింది ద్రవంలోకి ఎంత దిగిందో చూస్తారు. అంటే కెఫీన్‌తో పక్కపక్కన పెట్టి పరీక్షించడం కంపెనీకి కష్టమేమీ కాదు. ఆ లెక్క అడగండి. మనుషుల మీద చేసిన పరీక్ష చూపిస్తే, ఆ పదార్థం లేని అదే జెల్‌ను రెండో కంటికి రాశారా అని చూడండి. చల్లటి జెల్‌తో మృదువుగా రుద్దినా ఉబ్బు కాసేపు తగ్గుతుంది, ఆ ఘనత సీరం ఖాతాలో పడుతుంది.

మీ నలుపు ఏ రకమో కూడా తేల్చుకోండి. కింది రెప్పను మెల్లగా లాగినా రంగు అలాగే ఉంటే అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్, మన చర్మాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దానికి కెఫీన్ పెద్దగా పనికిరాదు. లాగితే నీలిరంగు ముదిరితే రక్తనాళాలది, అక్కడ కొంత ఆశ ఉంది. ఎదురుగా టార్చి వేస్తే మాయమయ్యేది ఉత్త గుంట నీడ.

జాబితాలో అమినోఫిలిన్ (థియోఫిలిన్‌కు ఇథిలీన్‌డయామిన్ జోడించినది) ఉంటే జాగ్రత్త. అందులోని ఇథిలీన్‌డయామిన్ కొందరికి అలర్జీ తెస్తుంది. మోచేతి లోపల రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూశాకే కంటి దగ్గరికి.

ప్రశ్న: చిన్నగా కాస్మెటిక్స్ తయారు చేస్తాను. 5 శాతం కెఫీన్ జెల్ వేడిలో బాగానే కలిసింది, రెండో రోజుకు తెల్లటి సూదుల్లాంటివి తేలాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 25 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీళ్లలో కెఫీన్ సుమారు 2 గ్రాములే కరుగుతుంది. 80 డిగ్రీల దగ్గర 18 గ్రాముల దాకా. అందుకే వేడిలో మోసపోతారు. చల్లారాక మిగులు స్ఫటికాలై బయటపడుతుంది, కంటి దగ్గర గరగరలాడుతుంది.

100 గ్రాముల జెల్‌కు 1.5 గ్రాములు చాలు. కెఫీన్‌ను వేడినీళ్లలో పూర్తిగా కరిగించాకే, 5 గ్రాముల గ్లిజరిన్‌లో తడిపిన శాంథన్ గమ్ (జెల్‌ను చిక్కబరిచే పొడి) వేయండి. ప్రిజర్వేటివ్ 40 డిగ్రీల కిందికి దిగాక. 5 శాతమే కావాలంటే నియాసినమైడ్ (బి3 విటమిన్ రూపం) తోడు చేయండి, అది కెఫీన్‌ను కరిగి ఉండేలా పట్టి ఉంచుతుంది. ఎంత కావాలో చిన్న బ్యాచ్‌లతో తేల్చుకోవాలి. ఒక సీసా ఫ్రిజ్‌లో, ఒకటి బయట పెట్టి, వారం తర్వాత గాజు పలక మీద పలచగా పూసి వెలుతురుకు చూడండి.

కొనేటప్పుడు అన్‌హైడ్రస్ (నీరు లేని) కెఫీనో, సిట్రిక్ ఆమ్లం కలిపిన కెఫీన్ సిట్రేటో చూసుకోండి. సిట్రేట్‌లో అసలు కెఫీన్ సగమే.