చంద్రయాన్-2 కూలి, చంద్రయాన్-3 దిగడానికి అసలు తేడా ఎక్కడుంది?

"చంద్రయాన్-2లో సాఫ్ట్‌వేర్ తప్పు, 3లో సరిచేశారు, అంతేనా?" అని అడిగారు. అంతే కాదండీ. సాఫ్ట్‌వేర్ తనకు చెప్పిన పనే చేసింది. దానికి గీసిన హద్దులే మరీ ఇరుకు. చంద్రయాన్-3లో పెద్ద మార్పులన్నీ ఆ ఇరుకును వదులు చేయడానికే.

సిగ్నల్ తెగిపోయి కూలిందన్న మాట ఇంకా తిరుగుతూనే ఉంది. అది తలకిందులు వాదన. చంద్రుడి మీద దిగే ల్యాండర్ విక్రమ్‌ను బెంగళూరులో కూర్చుని ఎవరూ నడపరు. మాట వెళ్లి జవాబు రావడానికే రెండున్నర సెకన్లు దాటుతుంది. దిగడం మొదలైనప్పుడు వేగం సెకనుకు 1.68 కిలోమీటర్లు. జవాబు వచ్చేలోపు నాలుగు కిలోమీటర్లు పోయినట్టే. అందుకే 30 కి.మీ. ఎత్తు నుంచి నేల తాకేదాకా నిర్ణయాలన్నీ ల్యాండర్‌వే. 2019 సెప్టెంబరు 7న సిగ్నల్ పోకముందే అది గతి తప్పింది.

30 కి.మీ. నుంచి 7.4 కి.మీ. దాకా అంతా సవ్యమే. వేగం సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146కి తగ్గింది. చిక్కంతా ఆ తర్వాతి దశలో. కెమెరా ఫొటోలు తీయాలంటే ల్యాండర్ కుదురుగా ఉండాలి. ఒక్కొక్కటి 800 న్యూటన్ల ఇంజిన్లు ఐదూ కలిసి లెక్క వేసినదానికన్నా కాస్త ఎక్కువ బలం ఇచ్చాయి. కుదురు చెదరకూడదని ఆ తేడాను అప్పటికప్పుడు దిద్దుకోకుండా దశ ముగిశాక దిద్దుకోవాలన్నది ప్రణాళిక. ఈలోపు తప్పు మీద తప్పు పేరుకుంది. చివరికి ఒక్కసారిగా గట్టిగా తిరగాల్సి వచ్చింది. కానీ సెకనుకు 10 డిగ్రీలకు మించి తిరగొద్దని సాఫ్ట్‌వేర్‌కు పరిమితి పెట్టారు, అంత వేగం అవసరపడుతుందని ఎవరూ అనుకోలేదు కనుక. పైగా దిగాల్సిన చోటు 500 × 500 మీటర్లే. అది ఇంకా దూరంగా ఉండటంతో, నేల దగ్గరపడుతున్నా అక్కడికి చేరుకోవాలని ల్యాండర్ వేగం పెంచింది. బ్రేకు వేయాల్సిన చోట పరుగెత్తింది.

ఇక చంద్రయాన్-3. దిగే ప్రదేశం 4 × 2.4 కి.మీ. చేశారు, అంటే విస్తీర్ణంలో దాదాపు 38 రెట్లు. చంద్రుడి చుట్టూ తిరిగే చంద్రయాన్-2 ఆర్బిటర్ తీసిన సూక్ష్మమైన ఫొటోలు ఉండబట్టే అంత నేలను ముందే పరిశీలించగలిగారు. తిరిగే వేగం పరిమితి 25 డిగ్రీలకు పెంచారు. మధ్యలో ఉన్న ఐదో ఇంజిన్ తీసేశారు. ఇంధనం పెంచారు. కాళ్లు సెకనుకు 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా చేశారు, ఇంతకుముందు అది 2 మాత్రమే. ఎటు తిరిగి దిగినా కరెంటు వచ్చేలా మరిన్ని వైపుల సోలార్ పలకలు అమర్చారు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది లేజర్ డాప్లర్ వెలాసిమీటర్. లోపలి యాక్సిలరోమీటర్లు వేగంలో వచ్చిన మార్పును కూడుకుంటూ పోతాయి, కూడే కొద్దీ చిన్న తేడాలూ కలిసి పెరుగుతాయి. ఇదైతే మూడు దిక్కుల్లో లేజర్ కిరణాలు నేల మీదకు పంపి, తిరిగి వచ్చిన కాంతి పౌనఃపున్యంలో మార్పును బట్టి నేలతో పోలిస్తే వేగమెంతో నేరుగా చెప్పేస్తుంది. సెన్సర్లను హెలికాప్టర్‌కు కట్టి, ఇంజిన్లు మండిస్తూ ల్యాండర్ నమూనాను క్రేన్‌కు వేలాడదీసి పరీక్షించారు. టీవీల్లో ఇది పెద్దగా కనపడలేదు. షార్ నుంచి రాకెట్ ఎగిరే దృశ్యం మాత్రం వందసార్లు వేశారు.

ఇంకో విషయం. "దక్షిణ ధ్రువం మీద దిగాం" అనకండి. దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, ధ్రువం అక్కడి నుంచి ఇంకా 600 కి.మీ. పైనే. అంతవరకు ఎవరూ అంత దక్షిణంగా మెత్తగా దిగలేదన్నది నిజం, అదే చాలినంత గొప్ప.

నాకున్న ఫిర్యాదు వేరే. ఈ కారణాలను అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ఇంత విడమరచి చెప్పింది 2023 జులైలో, ప్రయోగానికి నాలుగు రోజుల ముందు. అంతకుముందు 2019 నవంబరులో లోక్‌సభకు ఇచ్చిన చిన్న జవాబుతో సరిపెట్టుకున్నాం. కూలిన ఆ రాత్రి టెలిమెట్రీ (ల్యాండర్ పంపిన కొలతల) గ్రాఫులు మన ఇంజినీరింగు పిల్లల పాఠాల్లో ఉండాలి. ఇంజిన్ బలంలో చిన్న తేడా ఎలా పేరుకుందో వాళ్లు తమ చేతులతో లెక్క వేసి చూడాలి.