పచ్చలైటును నమ్మవద్దు: చిరంజీవి అమ్మడికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. వచ్చే ఆదివారం అర్ధరాత్రి విశాఖపట్నం ఆసుపత్రిలో నెట్‌వర్కుకు గుండెలాంటి కోర్ స్విచ్‌లో, దాన్ని నడిపించే సూపర్‌వైజర్ కార్డు మార్చే పని నీకు అప్పగించారని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. నేను ముప్పై ఏళ్లు చేసిన పని మన ఇంటి ఆడపిల్ల చేతికి వచ్చిందన్న సంతోషంతో రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అది ఆసుపత్రి అని గుర్తొచ్చాక ఆ పట్టిన కాస్త కునుకూ పోయింది. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. స్విచ్ అమరికలన్నీ ఉన్న కాన్ఫిగరేషన్ నకలు ఒకటి స్విచ్ బయట దాచుకో. చేతికి యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకో. పని నడిపే యాక్టివ్ కార్డు, దానికి తోడుగా కాచుకుని ఉండే స్టాండ్‌బై కార్డు, ఆ రెండు సూపర్‌వైజర్లకూ విడివిడిగా, కార్డుతో నేరుగా మాట్లాడే కన్సోల్ కేబుళ్లు తగిలించు. ఒకటి పడిపోయిన క్షణంలో రెండోది ఏమంటున్నదో చూడాలంటే కేబుల్ అప్పటికే దానికి ఉండాలి.

ఇక అసలు సంగతి. 2007లో హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో క్యాటలిస్ట్ 6509 అనే సిస్కో స్విచ్ ఉండేది. దాని ఐదో స్లాటులో సూప్ 720 అనే సూపర్‌వైజర్ కార్డు యాక్టివ్‌గా, ఆరో స్లాటులో మరొకటి స్టాండ్‌బైగా. ఐదో కార్డు మెమరీ లోపాలు చూపుతున్నదని మార్చడానికి వెళ్లాను. ఆరో కార్డు స్టేటస్ లైటు పచ్చగా వెలుగుతున్నది. అది చూసి, ఇంకేమీ అడగకుండా, ఐదో కార్డు మరలు విప్పి బయటికి లాగాను.

ఆ లైటు కార్డు బాగున్నదని చెబుతుందే గాని, బాధ్యత అందుకోవడానికి ఎంతవరకు సిద్ధపడి ఉన్నదో చెప్పదు. ఆ కార్డు కొన్ని నెలల కిందట స్పేరుగా వచ్చినది, అందులోని ఐఓఎస్, అంటే స్విచ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, వెర్షన్ వేరు. వెర్షన్లు కలవకపోతే ఆ స్విచ్, ఒక కార్డు పోతే రెండోది వెంటనే అందుకునే ఎస్‌ఎస్‌ఓ పద్ధతిని వదిలి, ఆలస్యంగా అందుకునే ఆర్‌పీఆర్‌కు దిగిపోతుంది. ఎస్‌ఎస్‌ఓలో స్టాండ్‌బై కార్డు పూర్తిగా బూట్ అయి, నడుస్తున్న కాన్ఫిగరేషన్‌నూ పోర్టుల స్థితినీ ఎప్పటికప్పుడు అందుకుంటూ ఉంటుంది కనుక, యాక్టివ్ కార్డు పోయినా, కేబుళ్లు తగిలే లైన్ కార్డులు రీబూట్ కావు, అంతరాయం మూడు సెకన్లు దాటదు. ఆర్‌పీఆర్‌లో అది సగం బూట్ అయి ఆగి ఉంటుంది. పిలుపు వచ్చాక మిగతా సగం పూర్తిచేసి, లైన్ కార్డులన్నిటినీ మళ్లీ మొదటినుంచి లేపి, స్టార్టప్ కాన్ఫిగరేషన్‌ను, అంటే సేవ్ చేసి ఉంచిన అమరికను, చదువుకుంటుంది. రెండు నిమిషాలకు పైనే పడుతుంది.

ఆ రెండు నిమిషాలతో పోయి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. వారం ముందు కొత్త ఐసీయూ విభాగానికి గేట్‌వే చిరునామా ఇచ్చి, పోర్టులు కేటాయించినది నేనే. అన్నీ పనిచేస్తున్నాయని చూసుకుని, అమరికను సేవ్ చేసే రైట్ మెమరీ ఆదేశం కొట్టకుండానే ఇంటికి వచ్చేశాను. ఆర్‌పీఆర్‌లో రెండో కార్డుకు చేరేది సేవ్ చేసిన కాన్ఫిగరేషన్ మాత్రమే. స్విచ్ తిరిగి లేచింది, ఆసుపత్రి అంతా తిరిగి లేచింది, ఆ ఒక్క విభాగం లేవలేదు. పరుగున పైకి వెళ్లేసరికి నర్సుల బల్లమీది తెర ఖాళీగా ఉంది. ఒక నర్సమ్మ మంచం మంచానికీ తిరుగుతూ, మానిటర్ మీది అంకెలను పాత కేసుషీటు వెనక బాల్‌పెన్నుతో రాసుకుంటున్నది. నన్ను చూసి ఒక్క మాటా అనలేదు, రాయడం ఆపలేదు. ఆ పోర్టులన్నీ గుర్తు తెచ్చుకుని మళ్లీ కేటాయించడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ కాగితం చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది తల్లీ.

కాబట్టి కార్డు మీద చెయ్యి వేసే ముందు షో రిడండెన్సీ స్టేట్స్ అనే ఆదేశం కొట్టు. అవతలి కార్డు దగ్గర స్టాండ్‌బై హాట్ అని ఉండాలి, అంటే పూర్తిగా సిద్ధమని. స్టాండ్‌బై కోల్డ్ అని ఉంటే, ఎవరు ఎంత తొందరపెట్టినా, ఆ రాత్రికి పని వాయిదా వేసి వచ్చెయ్యి. కోప్పడేవాళ్లు కోప్పడతారు, నేను చూసుకుంటాను.

ఇంకొక విషయం మీ తరం పిల్లలు తేలికగా తీసుకుంటారు, అందుకు నాకు కోపం. కార్డు మారిన క్షణంలో నీ స్విచ్ ప్యాకెట్లను పంపుతూనే ఉంటుంది గాని, పక్క రూటర్లతో దారులు చెప్పుకునే రూటింగ్ సంభాషణ మళ్లీ మొదలవుతుంది. పక్క రూటర్ ఓపిక పట్టకపోతే పొరుగుబంధం తెంచుకుని దారులు తీసేస్తుంది, అప్పుడు నీ ఎస్‌ఎస్‌ఓ ఉన్నా లేనట్లే. ఆ ఓపిక పేరే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్; ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ పద్ధతికి 2003లోనే దాని ప్రమాణం వచ్చింది. అది నీ పెట్టెలో ఉంటే చాలదు, పక్క పెట్టె కూడా ఒప్పుకోవాలి. ఆ రూటర్ వేరే బృందానిదైతే శుక్రవారంలోగా వాళ్లను అడుగు. అలాగే ఇతర పెట్టెలకు వెళ్లే అప్‌లింకులన్నీ తీయబోయే కార్డు మీదే ఉన్నాయేమో చూడు. కార్డుతోపాటు దాని పోర్టులూ బయటికి వస్తాయి.

కార్డును నాలా లాగకు. ముందు సేవ్ చెయ్యి, తరువాత రిడండెన్సీ ఫోర్స్-స్విచ్ఓవర్ ఆదేశం ఇచ్చి బాధ్యతను రెండో కార్డుకు అప్పగించు. పాత కార్డు మళ్లీ బూట్ అయి స్టాండ్‌బై హాట్‌కు చేరేదాకా కూర్చో. ఐసీయూకు ఫోను చేసి తెర వెలుగుతున్నదా అని అడిగాకే మరలు విప్పు. కొత్త కార్డు పెట్టే ముందు దాని వెర్షన్ సరిపోల్చుకో.

ఆదివారం రాత్రి పెద్దమ్మా నేనూ మెలకువగానే ఉంటాము. కొత్త కార్డు హాట్ అయ్యాక ఎంత పొద్దుపోయినా నాకు ఫోను చెయ్యి. ఆ పైన ఏదైనా తిని పడుకో.

ఇట్లు,
మీ పెదనాన్న