కనిపించే స్విచ్, వినిపించని స్విచ్: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా వెబ్ అప్లికేషన్ సెట్టింగ్స్ పేజీలో డార్క్ మోడ్ కోసం ఒక స్విచ్ పెట్టాము. డివ్ ట్యాగ్‌ను సీఎస్ఎస్‌తో అలంకరించి, క్లిక్ చేస్తే అటూ ఇటూ జరిగేలా జావాస్క్రిప్ట్ రాశాము. మౌస్‌తో చక్కగా పనిచేస్తోంది. అయితే స్క్రీన్ రీడర్ (తెర మీది సంగతులను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే ఒకాయన, ఆ పేజీలో స్విచ్ ఉందన్న సంగతే తనకు తెలియలేదని రాశారు. దానికి స్విచ్ అనే రోల్ (అది ఏ రకం కంట్రోలో తెలిపే గుణం) ఇచ్చి చూశాము, అయినా ఆయనకు పని జరగలేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీ స్విచ్ తెర మీద ఉంది కానీ, స్క్రీన్ రీడర్ వెతికే చోట లేదు. స్క్రీన్ రీడర్ సాధారణంగా తెర మీది బొమ్మను చూసి చదవదు. బ్రౌజర్ మీ పేజీని గీస్తూనే, దానికి సమాంతరంగా యాక్సెసిబిలిటీ ట్రీ అనే మరో నిర్మాణాన్ని తయారుచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా ఎన్‌వీడీఏ, వాయిస్‌ఓవర్, టాక్‌బ్యాక్ వంటి స్క్రీన్ రీడర్లకు అందిస్తుంది. అందులో బటన్, స్విచ్ వంటి ప్రతి కంట్రోల్ గురించీ మూడు సంగతులు తెలియాలి: దాని పేరేమిటి, అది ఏ రకానిది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. వైకల్యాలున్నవారూ వాడగలిగేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో చెబుతూ 2008 డిసెంబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణంలోని 4.1.2 నిబంధన కోరేది ఇదే. దానిని ‘ఎ’ అనే కనీస స్థాయిలోనే చేర్చారు కాబట్టి, వీలైతే చేద్దాంలే అని వాయిదా వేయదగిన అంశం కాదిది.

డివ్ ఏ అర్థమూ లేని ఒట్టి పెట్టె. మీరు రోల్ ఇచ్చి దానికి రకం చెప్పారు, అంతవరకే జరిగింది. రోల్ ఒక ప్రకటన మాత్రమే. దానితో పాటు పనితీరు రాదు. తలుపు లేని గోడకు ‘ద్వారం’ అని బోర్డు తగిలిస్తే మనిషి లోపలికి వెళ్లలేడు కదా, ఇదీ అంతే. ట్యాబ్ కీ ఆ డివ్ దగ్గర ఆగాలంటే ట్యాబ్‌ఇండెక్స్ సున్నా అని రాయాలి. స్పేస్ కీ నొక్కితే స్విచ్ మారేలా కోడ్ విడిగా రాయాలి. మారిన ప్రతిసారీ, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో తెలిపే ఏరియా-చెక్డ్ విలువను కూడా మార్చాలి. (ఈ ‘ఏరియా’కు ప్రాంతంతో సంబంధం లేదు, కంట్రోళ్ల అర్థాన్ని సహాయక సాధనాలకు తెలిపే ప్రమాణానికి అది పొట్టి పేరు.) పక్కనున్న ‘డార్క్ మోడ్’ అనే అక్షరాలు స్విచ్‌కు పేరుగా అందేలా ముడి వేయాలి. ఇవన్నీ చేసినా, ఆరు నెలల తర్వాత ఆ ఫైలు ముట్టుకున్న మరొకరు వీటిలో ఒకటి మరిచిపోతారని నా అనుభవం.

అందుచేత నా సలహా వేరు: డివ్‌ను తీసివేసి, హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న చెక్‌బాక్స్‌నే వాడండి. దానికి స్విచ్ రోల్ ఇవ్వవచ్చు. ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు ఏ కంట్రోల్ మీద ఉందన్నది), స్పేస్ కీ, ఆన్ ఆఫ్ స్థితి బ్రౌజరే చూసుకుంటుంది, లేబుల్ ట్యాగ్ పేరును అందిస్తుంది. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. చెక్‌బాక్స్ అందంగా లేదని చాలామంది దానిని డిస్‌ప్లే నన్ అని దాచి, పైన తమ బొమ్మ పెడతారు. లేబుల్ మీద క్లిక్ పడితే చెక్‌బాక్స్ మారుతూనే ఉంటుంది కనుక మౌస్ వాడేవారికి తేడా తెలియదు. కానీ అలా దాచినది యాక్సెసిబిలిటీ ట్రీ నుంచి, ట్యాబ్ వరుస నుంచి కూడా మాయమవుతుంది. దాచవలసి వస్తే ఒపాసిటీని సున్నా చేసి (అంటే పూర్తిగా పారదర్శకం చేసి), మీ బొమ్మ ఉన్నచోటే, అదే పరిమాణంలో ఉంచండి. సరిగా కుదిరితే ఆయనకు వినిపించేది సుమారుగా ఇది: “డార్క్ మోడ్, స్విచ్, ఆఫ్.” స్పేస్ నొక్కగానే: “ఆన్.”

ప్రశ్న: మా వీడియో కాల్ తెరలో మ్యూట్ బటన్ ఉంది. నొక్కగానే దాని పేరు ‘అన్‌మ్యూట్’గా మారుతుంది, బటన్ నొక్కి ఉందో లేదో తెలిపే ఏరియా-ప్రెస్డ్ విలువ కూడా మారుతుంది. మా టెస్టర్ మాత్రం మైకు తెరిచి ఉందో మూసి ఉందో అర్థం కావడం లేదంటున్నారు. అన్నీ పెట్టినా ఎందుకిలా?

జవాబు: అన్నీ పెట్టడమే ఇక్కడ ఇబ్బంది. మైకు మూసినప్పుడు స్క్రీన్ రీడర్ “అన్‌మ్యూట్, నొక్కి ఉంది” అన్న అర్థంలో చెబుతుంది. అన్‌మ్యూట్ నొక్కి ఉందంటే మైకు తెరిచే ఉందనే ఎవరైనా అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. పేరైనా మార్చండి, స్థితినైనా మార్చండి. రెండూ కలిపి మార్చకండి. నేనైతే పేరును ‘మ్యూట్’గానే ఉంచి ప్రెస్డ్ విలువను మారుస్తాను, ఎందుకంటే ఒకసారి గుర్తుపెట్టుకున్న పేరుతో బటన్ ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: మా అప్లికేషన్‌ను తెలుగులోకి తెచ్చాము. తెర మీద ఎక్కడా ఇంగ్లీషు లేదు. అయినా స్క్రీన్ రీడర్ కొన్ని తెలుగు లేబుళ్లను చదవకుండా దాటేస్తోందని, కొన్ని బటన్ల దగ్గర ఇంగ్లీషు మాటలు పలుకుతోందని ఫిర్యాదులు వస్తున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. మొదటిది, పేజీ భాషను తెలిపే లాంగ్ గుణంలో ఇంకా ఇంగ్లీషు సంకేతమే మిగిలి ఉండవచ్చు. ఏ గొంతుతో చదవాలో స్క్రీన్ రీడర్ నిర్ణయించుకునే ఆధారాలలో అది ముఖ్యమైనది. తెలుగు అక్షరాలను ఇంగ్లీషు గొంతుకు అప్పగిస్తే అది తడబడుతుంది లేదా మౌనం వహిస్తుంది. అక్కడ తెలుగు సంకేతం పెట్టండి.

రెండవది, బొమ్మ మాత్రమే ఉన్న బటన్లకు ఏరియా-లేబుల్‌లో రాసిన పేర్లు. అవి తెర మీద కనిపించవు కనుక అనువాదకుల కంట పడవు; చాలాసార్లు అనువాద ఫైళ్లలోకి చేరనే చేరవు. అక్షరాలున్న బటన్ల మీద కూడా ఇలాంటి పాత లేబుళ్లు మిగిలాయేమో వెతకండి. బటన్ మీద ‘పంపు’ అని ఉండి, లోపలి పేరు మరొకటైతే, కనిపించే మాటను పలికి కంట్రోళ్లను నడిపేవారికి ఆ బటన్ స్పందించదు. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 దీనికోసమే 2.5.3 నిబంధన చేర్చింది: కనిపించే మాటలు లోపలి పేరులోనూ ఉండాలి. మార్చేటప్పుడు ‘వెతుకు బటన్’ అని మాత్రం రాయకండి. రకాన్ని స్క్రీన్ రీడర్ ఎలాగూ చెబుతుంది కనుక “వెతుకు బటన్, బటన్” అని వినిపిస్తుంది.

ప్రశ్న: ఆటోమేటిక్ పరీక్షా సాధనం సున్నా తప్పులు చూపింది. ఇక విడుదల చేయవచ్చా?

జవాబు: అప్పుడే వద్దు. బటన్‌కు పేరు ఉందా లేదా అన్నది ఆ సాధనం పట్టుకోగలదు. ‘ఐకాన్ 3’ అన్న పేరు ఎవరికైనా పనికొస్తుందా అన్నది తేల్చలేదు. మౌస్‌ను పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతో ఒక పని మొదలు నుంచి చివరి దాకా పూర్తిచేసి చూడండి. ఫోకస్ ఎక్కడుందో కంటికి తెలియకపోతే, ఎవరో దాని చుట్టూ కనిపించే అవుట్‌లైన్‌ను తీసేశారన్నమాట. డైలాగ్ పెట్టెల దగ్గర మరింత జాగ్రత్తగా చూడండి: పెట్టె తెరుచుకోగానే ఫోకస్ దాని లోపలికి వెళ్లాలి, ఎస్కేప్ నొక్కితే పెట్టె మూసుకుని, దానిని తెరిచిన బటన్ మీదికే ఫోకస్ తిరిగి రావాలి. అలా రాకుండా పేజీ మొదటికి పడిపోతే, నలభయ్యో వరుసలో ‘తొలగించు’ నొక్కి, మనసు మార్చుకుని రద్దు చేసుకున్న మనిషి మళ్లీ ఒకటో వరుస నుంచి నడుచుకుంటూ రావలసి ఉంటుంది.