మూడు వందల మందికి ఒక మేయరా?

ప్రశ్న: మా అమ్మాయి చదువు నిమిత్తం ఫ్రాన్సులో ఒక చిన్న పల్లెలో అద్దెకు ఉంటోంది. మూడు వందల మంది కూడా లేని ఆ ఊరికి మేయరు ఉన్నారనీ, బడి పిల్లలు మాత్రం పై తరగతులకు పక్క ఊరికి బస్సులో వెళతారనీ చెబుతోంది. అంత చిన్న ఊరికి మేయరు ఎందుకు? అక్కడి పనులు ఎవరు చూస్తారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మేయరు అనగానే మనకు నగరపాలక సంస్థ గుర్తుకు వస్తుంది కనుక మీ సందేహం సహజమే. ఫ్రాన్సులో మార్సెయ్ వంటి మహానగరమైనా, మీరు చెప్పిన పల్లె అయినా చట్టం దృష్టిలో ‘కమ్యూనే’, అంటే సొంత మేయరు ఉండే స్థానిక పాలనా విభాగమే. 1789 డిసెంబరు నాటి విప్లవకాలపు చట్టంతో ఏర్పడిన ఈ కమ్యూన్లు నేటికీ దాదాపు 35,000 ఉన్నాయి. వాటిలో సగానికి పైగా అయిదు వందల జనాభా కూడా లేనివే. మొదటి ప్రపంచ యుద్ధంలో వెర్డన్ వద్ద నేలమట్టమై, మళ్లీ కట్టని ఆరు ఊళ్లలో ఒక్కరూ నివసించకపోయినా, వాటికి మేయర్లను ప్రభుత్వ ప్రతినిధి అయిన ప్రిఫెక్టు నియమిస్తూనే ఉన్నారు.

ఊరివారు కౌన్సిలును ఎన్నుకుంటే, ఆ కౌన్సిలు ఆరేళ్ల కాలానికి మేయరును ఎన్నుకుంటుంది. మేయరు గ్రామపెద్ద మాత్రమే కాదు, ప్రభుత్వం తరఫున జనన మరణాలను నమోదు చేసే అధికారి కూడా. చర్చిలో పెళ్లి చేసుకోదలచినవారు సైతం ముందుగా ‘మేరీ’ అనే మేయరు కార్యాలయంలో చట్టబద్ధంగా వివాహం చేసుకోవలసిందే. ఆ కార్యాలయాన్ని నిజంగా నడిపేది చాలా చోట్ల ఒకే ఒక్క కార్యదర్శి; రెండు మూడు ఊళ్లకు కలిపి ఒకరే పనిచేయడమూ మామూలే.

ఇక బడి సంగతి. ప్రాథమిక పాఠశాల భవనం బాధ్యత కమ్యూనుది, ఉపాధ్యాయుల జీతాలు ప్రభుత్వానివి. పిల్లలు తగ్గినప్పుడు బడి పూర్తిగా మూతపడకుండా ఇరుగుపొరుగు ఊళ్లు తరగతులను పంచుకుని, చిన్నవారిని ఒక ఊళ్లో, పెద్దవారిని మరో ఊళ్లో చదివిస్తాయి. మీ అమ్మాయి చూసింది బహుశా ఈ ఏర్పాటునే.

చెత్త సేకరణ వంటి ఖర్చుతో కూడిన పనులు కమ్యూన్ల సముదాయానికి చెందుతాయి. 2015 నాటి చట్టం అటువంటి సముదాయానికి, కొండ ప్రాంతాల వంటి చోట్ల మినహాయింపులిస్తూ, కనీసం 15,000 జనాభా ఉండాలని నిర్దేశించింది. దీనివల్ల పల్లె మేయరుకు అధికారం తగ్గింది గాని నిష్ఠూరం తగ్గలేదని నా అభిప్రాయం. చెత్తబండి రాకపోతే జనం తలుపు తట్టేది సముదాయం అధ్యక్షుడిది కాదు కదా! తపాలా కార్యాలయం మూసివేసిన కొన్ని ఊళ్లలో ఆ కౌంటరును కూడా మేయరు కార్యాలయంలోనే నడుపుతారు. అగ్నిమాపక దళాల్లో ఎక్కువ మంది వేరే వృత్తుల్లో ఉండే స్వచ్ఛంద సేవకులే. అత్యవసర సమయంలో 18కి గాని 112కి గాని ఫోను చేయాలి.

మీ అమ్మాయి నివాస అనుమతి మాత్రం మేయరు చేతిలో లేదు, అది ప్రిఫెక్చరు పని. ఆన్‌లైన్ దరఖాస్తులు, పన్నులు, ఆరోగ్య బీమా, ఇంటి అద్దె సహాయం వంటి వాటికి సమీప పట్టణంలోని ‘ఫ్రాన్స్ సర్వీసెస్’ కేంద్రంలో సహాయం చేస్తారు. మేయరు కార్యాలయానికి వెళ్లదలిస్తే ముందుగా తలుపు మీద అంటించిన వేళలు చూసుకోమనండి. అంత చిన్న ఊళ్లలో అది తరచుగా వారానికి రెండు మూడు పూటలు మాత్రమే తెరచి ఉంటుంది.