సెప్టెంబర్ 17: ఒక సభలో విమోచనం అంటారు, ఇంకో సభలో విలీనం అంటారు, ఏది కరెక్ట్?

రెండూ 1948 సెప్టెంబర్ 17న నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో జరిగినదాని గురించే. ఘటన ఒకటే, తేడా అంతా దాన్ని ఎవరి వైపు నుంచి చూస్తున్నారన్నదాంట్లోనే.

సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల (నిజాం పాలనకు అండగా నిలిచిన సాయుధ దళం) దాడులను చెప్పే వక్త దాన్ని విమోచనం అంటాడు. సంస్థానం దేశంలో కలిసిందన్నదే ముఖ్యమనుకునేవారికి అది విలీనం. వామపక్షాల వేదిక మీద విమోచనం అన్న మాట పెద్దగా వినపడదు. భూమి కోసం సాయుధ పోరాటం 1951 దాకా ఆగలేదు మరి. ప్రభుత్వాలదీ ఇదే తంతు: కేంద్రం విమోచన దినమంటే, తెలంగాణ రాష్ట్రం 2022లో సమైక్యతా దినమంది, 2024లో ప్రజాపాలన దినోత్సవమంది.

చాలామంది పొరపడేది 1947 ఆగస్టు 15నే ఇక్కడికీ స్వాతంత్ర్యం వచ్చిందని. వరంగల్ దగ్గరి పరకాలనే చూడండి. ఆగస్టు 15 దాటి రెండు వారాలు గడిచాక, 1947 సెప్టెంబర్ 2న అక్కడ జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. వాళ్ల గుర్తుగానే ఇప్పుడు అక్కడ అమరధామం ఉంది.

ఇంకో అపోహ, 17తో నిజాం కథ ముగిసిందన్నది. ఆయన 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే దాదాపు గవర్నర్ హోదా. ఈ ముక్క మాత్రం ఏ సభలోనూ ఎక్కువసేపు చెప్పరు.