చదవడం వచ్చు, బటన్ పెట్టుకోవడం వచ్చా?

ప్రశ్న: మా పాపకి నాలుగున్నరేళ్లండి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, మూడేళ్లకే కనపడ్డ బోర్డల్లా చదివేది, ఇప్పుడు చిన్న కథల పుస్తకాలు తనే చదువుకుంటుంది, రెండంకెల కూడికలు నోటితోనే చేసేస్తుంది. వచ్చే నెల స్కూల్లో వేస్తున్నాం. అక్కడ మళ్లీ అక్షరాల దగ్గర్నుంచి మొదలంటే బోర్ కొట్టి స్కూలంటేనే విసుగొస్తుందేమో. ఈలోపు ఇంకేమైనా నేర్పాలా, పై క్లాసులో వేయమని అడగాలా?

జవాబు: చదువు ఇంకేం నేర్పకండమ్మా. పాపకి ఏమేం వచ్చో అంతా రాశారు గానీ, బాత్రూంకి వెళ్లాలని కొత్తవాళ్లని అడగగలదా, బాటిల్ మూత తీసుకోగలదా, ఆటలో ఓడిపోతే ఏం చేస్తుంది, ఇవేవీ రాయలేదు. ఇలాంటి పిల్లలకి బుర్ర ఏడేళ్లదైనా వేళ్లూ ఏడుపూ నాలుగున్నరేళ్లవే. చదవడం వచ్చింది కదా రాయడం ఎంతసేపు అనుకుంటాం, తీరా పెన్సిల్ పట్టుకున్నాక పుస్తకంలో ఉన్నట్టు రాలేదని కాగితం చింపేసి ఏడుస్తారు. మట్టి పిసకడం, కత్తెరతో కాగితాలు కత్తిరించడం, తన బటన్లు తనే పెట్టుకోవడం, ఈ నెలంతా ఇదే సిలబస్ అనుకోండి.

ఇంకోటి, అన్నీ ఇట్టే వచ్చేసిన పిల్లకి రాకపోవడం అలవాటుండదు. పాచికలేసి ఆడే ఆటలు ఆడండి, కావాలని మీరు ఓడిపోకండి. 'అబ్బ ఎంత తెలివో' అనడం కూడా తగ్గించండి. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అయిదో క్లాసు పిల్లల మీద చేసిన పరిశోధనలో, తెలివైనవాడివని పొగిడించుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ పేరు పోకుండా తమకి వచ్చే పజిల్సే కావాలన్నారు, బాగా కష్టపడ్డావని అనిపించుకున్నవాళ్లలో ఎక్కువమంది కొత్తగా నేర్చుకునేవి అడిగారు.

టీచర్ దగ్గరికి మొదటిరోజే చిట్టా పట్టుకుని వెళ్లకండి, అలా వచ్చే తల్లిదండ్రుల్ని వాళ్లు చాలామందిని చూసుంటారు. రెండు మూడు వారాలు పాపని వాళ్లనే గమనించనివ్వండి, తర్వాత ఇంట్లో చదివే పుస్తకం ఒకటి పట్టుకెళ్లి, తన పని అయిపోయాక ఇలాంటిది ఇవ్వొచ్చా అని అడగండి. అన్నట్టు, గడగడా చదివినంత మాత్రాన అంతా అర్థమైందని కాదు, కథ అయ్యాక 'వాడు ఎందుకలా చేశాడు' అని అడిగి చూడండి.

పై క్లాసు సంగతి ఇప్పుడే వద్దు. 'నీకు బోర్ కొడుతుందేమోనే' అని పాప ముందు అనకండి, మీరంటే తనూ అదే అంటుంది. ఒకవేళ తనే బోర్ అంటూ ఇంటికొస్తే 'ఇవాళ ఎవరితో ఆడుకున్నావ్' అని అడగండి, చాలాసార్లు ఆ బోర్ వెనక తోడు దొరకలేదన్న బాధే ఉంటుంది. పక్క పిల్లలతో కలవడానికి తనకొచ్చినవి కూడా రానట్టు నటిస్తుంటే మాత్రం ఆగకుండా టీచర్‌తో మాట్లాడండి, పై క్లాసు మాట అప్పుడు ఎత్తొచ్చు.